ఏడో నంబరు కాళ్ళు

"నీకేం, రైలెక్కి కూసుంటవు" అన్నాడు మా ఆయన శ్రీను.

నేనప్పుడు కూతురు మనీషాకు జడ వేస్తున్నాను. వేస్తూ వేస్తూ మధ్యలో లేచి పొయ్యి మీద పప్పు దించి, అత్తమ్మ నాగవ్వకు చాయ పోసి ఇచ్చి, మళ్ళీ వచ్చి జడ అందుకున్నాను. ఆయన పనిచేసే బండల పాలిష్ యూనిట్ తాండూరులోనే, మా ఇంటికి బండి మీద పది నిమిషాలు. నేను పనిచేసే ఫిజియోథెరపీ క్లినిక్ వికారాబాద్‌లో. నిజమే, రైల్లో కూర్చునే వెళ్తాను, సీటు దొరికిన రోజు. పొద్దున నాలుగున్నరకు లేచాక నేను మొదటిసారి కూర్చునేది అక్కడే. ఆ మాట ఆయనతో అనలేదు. పదకొండేళ్ళ కాపురంలో నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాటలు చాలా ఉన్నాయి. వాటిని మింగడం కూడా ఇంటిపనిలో ఒకటి అనుకునేదాన్ని.

రైలు రోజూ ఎంతో కొంత ఆలస్యం. క్లినిక్ తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. తొమ్మిదింటికల్లా తలుపు తీయకపోతే నడుము నొప్పులవాళ్ళు, మెడ పట్టేసినవాళ్ళు మెట్ల మీద కూర్చుని ఉంటారు. అందుకని వికారాబాద్ స్టేషన్‌లో దిగగానే ఉరికేదాన్ని. కాళ్ళకు హవాయి చెప్పులు. అవి జారిపోకుండా వేళ్ళతో పట్టీని బిగబట్టి, చున్నీ నడుముకు చుట్టి, బ్యాగు చంకలో పెట్టుకుని ఒకటే పరుగు. ఆ ఊళ్ళో నేను ఎవరి కోడలినో, ఎవరి భార్యనో ఎవరికీ తెలియదు. రోజు మొత్తంలో నాకు నచ్చిన పని ఆ పరుగొక్కటే. సాయంత్రానికి మాత్రం మోకాళ్ళు సలిపేవి. రోజంతా నిలబడి చేసే పని కదా, అందుకే అనుకున్నాను.

క్లినిక్‌లో నన్ను హెల్పర్ అంటారు. ఊడుస్తాను, దుప్పట్లు మారుస్తాను, వేడి కాపడాలు పెడతాను, చాయ తెస్తాను. ఐదేళ్ళు అలా చేసేసరికి ఎవరి మోకాలు ఎంతవరకు వంగుతుందో చూసి చెప్పగలిగేదాన్ని. డాక్టరమ్మ అరుణాదేవి బిజీగా ఉంటే పేషెంట్లకు కసరత్తులు చేయించేదాన్ని. "మీరు డాక్టరా?" అని కొత్తవాళ్ళు అడిగితే, "కాదు కాదు, హెల్పర్‌ను" అని నేనే ముందుగా చెప్పేసేదాన్ని. ఎవరైనా వచ్చి నన్ను దించకముందే నేనే దిగిపోవడం నాకు బాగా అలవాటు.

ఆ ఏడు వానాకాలంలో అరుణాదేవి మేడం ఒక పరిశీలన మొదలుపెట్టింది. పరుగెత్తేటప్పుడు కాలికి ఏముందన్నదాన్ని బట్టి తుంటి, మోకాలు, చీలమండ ఎలా కదులుతాయో వీడియో తీసి కొలవాలి. ముప్పై దాటిన మామూలు ఆడవాళ్ళు పన్నెండు మంది కావాలి. ఎందుకు ఆడవాళ్ళే అని అడిగాను.

"ఇప్పటిదాక నేను చదివినవన్ని దాదాపు మగపిల్లలు, ఆటగాళ్ల మీద చేసినవే నిరోషా. ఇంటిపని, బయటిపని రెండూ చేసే ఆడోళ్ల కాలు ఎట్ల కదులుతదో ఎవరు చూసిండ్రు?"

ఆరుగురు దొరికారు. ఇంకెవరూ ఒప్పుకోలేదు. కీళ్ళ మీద స్టిక్కర్లు అంటించాలి కాబట్టి మోకాళ్ళ పైదాకా నిక్కరు వేసుకోవాలి. "మా ఆయన ఊకోడు మేడం" అని ఒకరు, "మా పిల్లగాండ్లు నవ్వుతరు" అని ఒకరు తప్పుకున్నారు. స్టిక్కర్లు కత్తిరిస్తున్న నన్ను మేడం చూసింది.

"నువ్వు ఉరుకుతవా?"

"రోజూ ఉరుకుతనే ఉన్న మేడం, క్లినిక్ తాళం తియ్యనీకి" అన్నాను. ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. నిక్కరు ఇంటికి తీసుకుపోకుండా క్లినిక్‌లోనే పెట్టుకోవచ్చా అని అడిగాను.

సెలవు రోజు పొద్దున ఒక బడి గ్రౌండులో తీశారు. నాది ఏడో నంబరు. తుంటికి, మోకాలికి, చీలమండకు, చిటికెన వేలి పక్కన మెరిసే స్టిక్కర్లు. మేడం ఫోన్‌ను స్టాండు మీద పక్కగా పెట్టింది. మొదట నా చెప్పులతో ఉరికాను. తర్వాత మేడం తెచ్చిన, అడుగు మందంగా ఉన్న బూట్లతో. ఆఖరికి ఉత్త కాళ్ళతో. ఉత్త కాళ్ళతో నాలుగు అడుగులు వేశానో లేదో, కొడంగల్ దగ్గర మా అయ్య మొగులప్ప కంది చేను గట్టు గుర్తొచ్చింది. అన్నం టిఫిన్ పట్టుకుని ఆ గట్టు మీద ఉరికేదాన్ని, టిఫిన్ మూత కూడా కదిలేది కాదు. ఏడో తరగతిలో పరుగుపందెంలో ఫస్టు వచ్చాను. ఎనిమిదో తరగతిలో పెద్దమనిషినయ్యాను. ఆ తర్వాత ఎవరూ నన్ను ఉరకొద్దని ప్రత్యేకంగా చెప్పలేదు. ఉరకమని కూడా ఎవరూ చెప్పలేదు. అంతే, ఆగిపోయింది.

మధ్యాహ్నం క్లినిక్‌లో మేడం ల్యాప్‌టాప్ తెరిచింది. స్టిక్కర్లను కలుపుతూ గీతలు గీసి, వీడియోను బాగా నెమ్మదిగా నడిపింది.

"గిది నీ చెప్పులతోటి. చూడు, వేళ్లన్ని చెప్పును పట్టుకునే పనిల ఉన్నయ్. చీలమండకు ఆడే జాగ లేదు, బిగుసుకపోయింది. ఇప్పుడు బూట్లు చూడు. కింద మెత్తగ ఉంది గదా, ఆ ధీమాతోని కాలు దూరం చాపి మడమ మీద దిగుతున్నవ్. దిగేటప్పుడు మోకాలు దాదాపు నిటారుగ ఉంది. మరి ఆ దెబ్బ ఏడికి పోతది?"

"మోకాలికి" అన్నాను.

"కరెక్ట్. ఇగ గిది వట్టి కాళ్లతోటి. మడమ మీద పడితే నొస్తదని నీ కాలికి తెలుసు. అందుకే పాదం ముందరి భాగం మీద దిగినవ్. అడుగులు పొట్టిగైనయ్, జల్దీ జల్దీ పడుతున్నయ్. కాలు నేలకు తగలకముందే మోకాలు వంగి తయారుగ ఉంది. చీలమండ స్ప్రింగు లెక్క దిగుతుంది, లేస్తుంది. ఎంత బాగ మడుస్తున్నవ్ నిరోషా!"

నా కాళ్ళను నేనెప్పుడూ పక్క నుంచి చూడలేదు. పై నుంచి చూసుకున్నాను, స్నానం చేసేటప్పుడు, గిన్నెలు తోమేటప్పుడు, మురికి కాళ్ళుగా, నొప్పి కాళ్ళుగా. "కాళ్లు ముడుసుకోని కూసో" అని అత్తమ్మ చెప్పిన కాళ్ళు అవి. పెళ్ళయిన కొత్తలో చెప్పుల దుకాణంలో లేడీస్ సైజు ఏదీ పట్టకపోతే, "నీవి మగోళ్ల పాదాలు గదనే" అని శ్రీను దుకాణం అతని ముందే నవ్వాడు. అప్పటి నుంచి చెప్పులు కొనుక్కోవాల్సి వచ్చినప్పుడల్లా ఒక్కదాన్నే వెళ్ళి, చప్పున ఏదో ఒకటి తీసుకుని వచ్చేదాన్ని. ఆ వెడల్పు పాదమే ఇప్పుడు తెర మీద వేళ్ళు విప్పుకుని నేలను అందుకుంటోంది. మోకాలు వంగుతోంది, తుంటి ఊగుతోంది, కాలు వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకు వస్తోంది. ఎవరి కోసమూ కాదు. నన్ను పొగిడినవాళ్ళు ఉన్నారు, పప్పు బాగుందని, ఓపిక ఎక్కువని, నోరు లేని పిల్లనని. నా మోకాలిని పొగిడిన మనిషి ఈమె ఒక్కతే. ఇంకోసారి చూపించమని అడిగాను. మళ్ళీ ఇంకోసారి.

"అయితె బూట్లు చెడ్డవేనా మేడం?"

"గట్ల చెప్పలేం. మోకాలికి తగ్గిన బరువు మాయం కాదు, పిక్కకు, చీలమండకు పోతది. అలవాటు లేకుండ ఒక్కసారి మారితె పిక్క పట్టేస్తది. మందం బూట్లతోనే హాయిగుండేటోళ్లు గూడ ఉంటరు. ఒక్కొక్కరి కాలు ఒక్కో తీరు. అందుకే మంచిదా చెడ్డదా అని అడగొద్దు, కొలవాలె."

ఆమె చెప్పింది విని కూడా నేను ఆగలేదు. మర్నాడే ముందు రైలుకు వచ్చి, ఆ గ్రౌండులో ఉత్త కాళ్ళతో అరగంట ఉరికాను. రెండో రోజుకు పిక్కలు రాళ్ళలా బిగుసుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగాల్సి వచ్చింది. మేడం తిట్టింది. మొదటి వారం రోజుకు రెండు నిమిషాలే అంది. అలాగే చేశాను. రెండు నిమిషాలు, తర్వాత నాలుగు, తర్వాత ఏడు. అడుగు పల్చగా, వేళ్ళ దగ్గర వెడల్పుగా ఉన్న బూట్లు కొనుక్కున్నాను. మగవాళ్ళ సైజే పట్టింది, ఈసారి సిగ్గు పడలేదు. మూడు నెలలకు ఆగకుండా అరగంట ఉరకగలిగాను. ఈసారి దెబ్బతిని కాదు, నేర్చుకుని. సాయంత్రం మోకాళ్ళ సలుపు ఎప్పుడు పోయిందో నేను గమనించనే లేదు.

ముందు రైలంటే ఇంట్లో ఒక గంట తక్కువ. ఆ గంటలో నేను చేసే పనులు ఎవరో ఒకరు చేయాలి.

"జడ ఎట్లెయ్యాలెనో నాకేం తెలుసు?" అన్నాడు శ్రీను.

"నాకు గూడ పుట్టంగనే తెల్వదు" అన్నాను.

అన్నాక నా నోటిని నేనే నమ్మలేకపోయాను. మనీషా కిసుక్కున నవ్వింది. మొదటి వారం దాని జడ ఎండిన కంది మోపులా ఉండేది. తర్వాత తర్వాత బాగానే కుదిరింది. ఆయనే ఒకరోజు నాకు దాని జడ చూపించి, "చూసినవా?" అన్నాడు గర్వంగా. అది చూసి నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఇన్నేళ్ళలో నేను వేసిన జడలను ఎవరికీ చూపించాలని నాకెప్పుడూ తోచలేదు.

చలికాలం మొదట్లో మేడంకు కబురొచ్చింది. జిల్లాలోని ఆటల మాస్టర్ల సమావేశం వికారాబాద్‌లో ఉంది, వీడియోలు చూపించి మాట్లాడమని. అందరిలోకీ తేడా స్పష్టంగా కనబడేది ఏడో నంబరులోనేనట. నా ముందు సమ్మతి కాగితం పెట్టింది. "ఇంటికి తీసుకపోయి చదువుకో. ఇష్టం లేకుంటె వద్దను, నేను ఏమనుకోను" అంది. కాగితం మీద సంతకానికి ఒకే గీత ఉంది, నాది. నా బడి సర్టిఫికెట్ల మీద మా అయ్య సంతకం, ఆసుపత్రిలో మనీషాను కనేటప్పుడు శ్రీను సంతకం. నా ఒంటి గురించి నన్నొక్కదాన్నే అడిగిన కాగితం అదే మొదటిది.

నేను దాచలేదు. ఇంటికి తెచ్చి వీడియో శ్రీనుకు చూపించాను. ఆయనకు నచ్చుతుందని అనుకున్నాను కూడా. ఆయన సగం చూసి ఫోన్ మంచం మీద పడేశాడు.

"గిది తీసుకపోయి నలభై మంది మొగోళ్ల ముంగట ఏస్తరా? నీకు జరంతన్న సోయి ఉందా? తీసెయ్యమను."

"మొఖం లేదు. మోకాళ్లు, పాదాలు, అంతే."

"అంతేనా? గల్లీల ఎవనికన్న తెలిస్తె నేను యూనిట్‌ల తలకాయ ఎత్తుకోని నిలబడాలెనా వద్దా?"

అత్తమ్మ గడప దగ్గరి నుంచి అందుకుంది. "మా ఇంటి ఆడోళ్ల కాళ్లు గిట్ల బజార్ల పడలేదు బిడ్డా ఎన్నడు."

నేను ఆమెను చూశాను. ఇరవై ఏళ్ళు పాలిష్ యూనిట్లో నీళ్ళలో నిలబడి పనిచేసిన మనిషి. ఆమె మీద నాకు కోపం రాలేదు. మాట మాత్రం వచ్చేసింది.

"అత్తమ్మా, నీళ్లల్ల నిలబడ్డప్పుడు నువ్వు చీర మోకాళ్ల మీదికి చెక్కుకోలేదా? ఆడ మొగోళ్లు లేకుండెనా? కూలి చేసే కాళ్లను ఎవ్వలు సూసిన పర్వాలేదు. గవే కాళ్లు ఉరికితె సిగ్గైతదా?"

అత్తమ్మ లేచి వెళ్ళి, ఎప్పుడో తోమిన గిన్నెలు మళ్ళీ సర్దసాగింది. చాలాసేపటికి శ్రీను మెట్టు దిగాడు. "సరే. చూపెట్టుకోండ్రి. కని నీ పేరు ఏడ రావొద్దు. నువ్వని ఎవలకు తెల్వొద్దు."

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకుని, పేరు వెల్లడించకూడదు అన్న చోట టిక్కు పెట్టి సంతకం చేశాను. గెలిచానని అనుకున్నాను. మర్నాడు రైల్లో మాత్రం అది గెలుపులా అనిపించలేదు. నా కాళ్ళు వెళ్ళొచ్చు, నేను వెళ్ళకూడదు. నా పని కనబడొచ్చు, నేను కనబడకూడదు. ఇందులో కొత్తేముంది? ఇంట్లో రోజూ జరిగేదే కదా.

సమావేశం రోజున హాలు నిండిపోయింది. ఆడమాస్టర్లు ఏడెనిమిది మంది, మిగతా అంతా మగవాళ్ళు. నేను ల్యాప్‌టాప్ వైర్లు పెట్టి పక్కన నిలబడ్డాను. నిర్వాహకుల్లో ఒకాయన నన్ను చూసి, "అమ్మా, జర చాయలు అందియ్యవా" అన్నాడు. ట్రే అందుకున్నాను. ఎందుకు అందుకున్నానో తెలియదు. చేతులకు అలవాటు.

నేను చాయ పంచుతుండగా గోడ మీద నా కాళ్ళు పరుగెత్తాయి. మనిషంత పొడవు కాళ్ళు. చెప్పులతో, బూట్లతో, ఉత్త పాదాలతో. మేడం ఆగి ఆగి వివరించింది. ఆడపిల్లలు కాలికి దొరికిన చెప్పుతో పరుగుకు వస్తారనీ, వాళ్ళ మోకాలు నొప్పి అంటే బద్ధకం అనుకోకుండా ఒకసారి పక్క నుంచి వీడియో తీసి చూడమనీ చెప్పింది.

కుమారస్వామి అనే పెద్ద మాస్టారు లేచాడు. కొడంగల్ దిక్కు బడిలో పనిచేస్తాడట, తల నెరిసింది. మర్యాదగానే అడిగాడు. "మేడం, ముప్పై దాటిన మామూలు ఇంటామె అంటున్నరు. నేను ఇరవై ఐదేండ్ల సంది పిల్లలను ఉరికిస్తున్న. గీ వట్టి కాళ్ల పరుగు చూస్తె నాకు నమ్మబుద్ధి అయితలేదు. గీమె ఎవలో ప్రాక్టీసున్న అథ్లెట్. ఇంటిపని చేసుకునే ఆడోళ్లు గిట్ల ఉరుకుతరా?"

రెండు మూడు తలలు అవునన్నట్టు ఊగాయి. ఎవరో నవ్వారు. మేడం అంది, "అథ్లెట్ కాదు సార్. అంతకన్న నేను చెప్పలేను. పేరు చెప్పనని మాటిచ్చిన."

ఆమె నా వైపు చూడను కూడా లేదు. ఇచ్చిన మాట కోసం, తన నెలల కష్టం అబద్ధమైపోతుంటే నిలబడి చూస్తోంది. శ్రీను ముఖం కళ్ళముందుకు వచ్చింది, గల్లీ వచ్చింది, యూనిట్ వచ్చింది. ట్రేలో ఇంకా నాలుగు చాయలు ఉన్నాయి. వాటిని కిటికీ గట్టు మీద పెట్టాను.

"ఆ కాళ్లు నావి సార్."

నలభై తలలు తిరిగాయి.

"నా పేరు నిరోషా. తాండూరు నుంచి వస్త. క్లినిక్‌ల పని చేస్త. పొద్దుగాల నాలుగున్నరకు లేసి ఇంటిపని అంత చేసుకోని వస్త. నమ్మకుంటె బయటికి రాండ్రి, ఉరికి చూపిస్త."

ఎవరూ వస్తారనుకోలేదు. అందరూ వచ్చారు. హాలు వెనక మట్టి గ్రౌండు. చెప్పులు విడిచాను, చున్నీ నడుముకు చుట్టాను, పంజాబీ డ్రెస్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాను. ఉరికాను. మొదటి పది అడుగులు వాళ్ళ చూపులు, వీడియో తీస్తున్న ఫోన్లు ఒంటికి తగిలాయి. ఆ తర్వాత నేల ఒక్కటే తగిలింది. గాలి చెవుల్లో హోరుమంది. మూల తిరిగేటప్పుడు ఒక ఆడమాస్టరు "శభాష్!" అని అరవడం వినబడింది. ఒక రౌండు చాలు, రెండు వేశాను. రెండోది వాళ్ళకు చూపించడానికి కాదు.

ఆగేసరికి కుమారస్వామి మాస్టారు ముందుకు వచ్చి నిలబడ్డాడు. "తప్పైందమ్మా" అన్నాడు, అందరూ వినేలాగా. తర్వాత నిజమైన మాస్టారులా అడిగాడు, "మూల తిరిగేటప్పుడు మోకాలు లోపలికి పోకుండ ఎట్ల పెట్టినవ్?" నేను చెప్పాను. తుంటి గురించి చెప్పాను, పొట్టి అడుగు గురించి, పిక్క పట్టేసిన నా తొందర గురించి కూడా. ఇద్దరు నోట్‌బుక్ తీశారు. మా బడికి వచ్చి ఆడపిల్లల పరుగు చూసి చెప్తారా అని ఆరు బడుల వాళ్ళు మేడంను అడిగారు. మేడం చేతులు కట్టుకుని, "నన్నెందుకు అడుగుతున్నరు? నిరోషాను అడగుండ్రి" అంది. అన్నింటికీ వస్తానన్నాను, తీరిక ఎప్పుడుంటుందో ఇంట్లో అడిగి చెప్తానని అనలేదు.

కబురు నాకంటే ముందు తాండూరు చేరింది. శ్రీను వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.

"పేరు చెప్పనని ఒప్పుకున్నవ్ గదా?"

"ఒప్పుకున్న. నీ మాట కాదనలేక ఒప్పుకున్న. అది నేను చేసిన తప్పు. ఇగ చెయ్య."

ఆయన కోపంగా ఏదో అనబోయాడు. లోపలి నుంచి మనీషా ఉరికి వచ్చి, "అమ్మా, పక్కింటి మల్లీశ్వరి అక్క ఫోన్‌ల నీ వీడియో ఉంది! మస్తు ఉరికినవ్!" అని నా నడుమును చుట్టుకుంది. దాని వెనకాల అత్తమ్మ కూడా వచ్చింది. కొడుకు చెయ్యి పట్టుకుని పక్కకు జరిపి, నాకు లోపలికి రావడానికి దారి ఇచ్చింది.

ఆ ఆదివారం రైలు లేదు, క్లినిక్ లేదు. ఆరింటికి గడప మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకున్నాను. నిక్కరు వేసుకునే ఉన్నాను. పళ్ళు తోముకుంటున్న శ్రీను చెయ్యి ఆగింది.

"ఏడికి? వికారాబాద్‌కా?"

"కాదు. గీడనే."

నేను ఉరుకుతుంటే గల్లీ పొడుగునా తలుపులు తెరుచుకున్నాయి. చీపుర్లు ఆగాయి. నీళ్ళ బిందెలు నడుము మీదే ఆగిపోయాయి. నేను తల వంచలేదు, వేగం పెంచనూ లేదు. పదకొండేళ్ళుగా తల దించుకుని నడిచిన ఆ గల్లీ ఎంత పొడవో ఆ పొద్దున తెలిసింది. చాలా చిన్నది. అది దాటి కొడంగల్ రోడ్డెక్కాను.